అమెజాన్ అడవి గాలిలో కణాలు: వానల నెలల్లో ఎలా, పొడి నెలల్లో ఎలా? (తరచుగా అడిగే ప్రశ్నలు)

అమెజాన్ గురించి రాసేవాళ్ళు చెట్ల గురించి రాస్తారు, నది గురించి రాస్తారు, మంటలు వచ్చిన ఏడాది మంటల గురించి రాస్తారు. ఆ చెట్ల మీద తేలే గాలిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఆ గాలిలో కంటికి కనిపించని తునకలు ఏమున్నాయి, ఏడాదిలో అవి ఎలా మారతాయి అన్నదాని మీద తరచూ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఏళ్ళ తరబడి కొలతలు సాగింది ఎక్కువగా బ్రెజిల్‌లోని మనౌస్ నగరం చుట్టుపక్కల అడవిలోనే. అందుకని వేరే చోటు పేరు చెప్పనంతవరకు ఇక్కడి మాటలు మధ్య అమెజాన్ గురించే అనుకోండి.

గాలిలో కణాలంటే దుమ్మేనా?

దుమ్ము వాటిలో ఒకటి, అంతే. గాలిలో తేలే ఘన, ద్రవ తునకలన్నిటికీ కలిపి ఏరోసాల్ అని పేరు. మసి, పొగ, సముద్రపు ఉప్పు, పుప్పొడి, బూజు బీజాలు, ఆకులు వదిలిన ఆవిర్లు చిక్కబడి తయారైన సన్నని బొట్లు, అన్నీ ఇందులోకే వస్తాయి. కొన్ని నానోమీటర్ల (నానోమీటరంటే మైక్రోమీటరులో వెయ్యో వంతు) నుంచి పదుల మైక్రోమీటర్ల దాకా ఉంటాయి. మనిషి తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రోమీటర్లు. ఈ పేజీలో ఒక మైక్రోమీటరు లోపువాటిని సన్న కణాలని, ఆ పైవాటిని ముతక కణాలని అంటాను.

ఒక్క చిక్కు ముందే విప్పుకుంటే మిగతాదంతా సులువు. కణాలను రెండు రకాలుగా లెక్కపెడతారు: ఎన్ని ఉన్నాయి, ఎంత బరువున్నాయి. ఈ రెండు లెక్కలూ ఒకే మాట చెప్పవు. 5 మైక్రోమీటర్ల బూజు బీజం ఒకటి, 0.1 మైక్రోమీటరు కణాలు లక్షా పాతికవేలు కలిపితే ఎంతో అంత ఉంటుంది. కాబట్టి బరువు తూచితే బూజు గెలుస్తుంది, తలలు లెక్కపెడితే సన్న కణాలు గెలుస్తాయి. "అమెజాన్ గాలిలో సగానికి పైగా ఫలానాదే" అని ఎవరైనా అంటే, ఏ లెక్కన అని అడగండి.

అక్కడ కాలాలు ఎన్ని?

కణాలను కొలిచేవాళ్ళ లెక్కలో ముఖ్యమైనవి రెండు. ఫిబ్రవరి నుంచి మే దాకా వానలు, ఆగస్టు నుంచి నవంబరు దాకా పొడి కాలం. మధ్య నెలలు అటూ ఇటూ కాని నెలలు. పొడి కాలం అన్నాం కదా అని నేల బీటలు వారుతుందనుకోకండి. అప్పుడూ వానలు పడతాయి, కాకపోతే తక్కువ. దక్షిణపు అంచున ఉన్న రొండోనియా, మాటో గ్రోసో వైపు మాత్రం పొడి నెలలు ముందే మొదలై గట్టిగా ఉంటాయి.

రెండు కాలాలకూ తేడా ఎంత?

వానల నెలల్లో ఒక ఘనపు సెంటీమీటరు గాలిలో సుమారు 300 కణాలుంటాయి. పొడి నెలల్లో అవే 1000 నుంచి 2000 దాకా పెరుగుతాయి. ఇది మంటలకు దూరంగా ఉన్న అడవి నడిబొడ్డులో సంగతి. చెట్లు కొట్టి తగలబెట్టే దక్షిణ, తూర్పు అంచుల్లో 10,000 దాటిపోతుంది. పోల్చుకోవాలంటే, పెద్ద నగరాల గాలిలో ఇదే కొలత పదివేలల్లో ఉంటుంది.

బరువు లెక్కలో చూస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వానల నెలల్లో ఘనపు మీటరు గాలిలోని సన్న కణాలన్నీ కలిపి ఒక మైక్రోగ్రాము అటూ ఇటూ ఉంటే, మంటల రోజుల్లో రొండోనియా లాంటి చోట్ల అది వందల మైక్రోగ్రాములకు పాకుతుంది. ఖండాల మీద అరుదుగా దొరికేంత శుభ్రమైన గాలి, పెద్ద నగరాలు కూడా దడుచుకునేంత మురికి గాలి, రెండూ ఒకే నదీ పరీవాహకంలో కొన్ని నెలల తేడాతో వస్తాయి.

వానలు కడిగేస్తాయి కాబట్టి వానల నెలల్లో కణాలు తక్కువ. అంతేనా?

అందరూ ముందు చెప్పే జవాబు అదే. నిజమే, కానీ మూడో వంతు నిజం.

వాన కడగడం కూడా మనం ఊహించుకున్నట్టు జరగదు. పడుతున్న చినుకు దారిలో కణాలను గుద్ది మోసుకొస్తుందనుకుంటాం. ముతక కణాల విషయంలో అది కొంత నిజం. 0.1 నుంచి ఒక మైక్రోమీటరు మధ్య కణాలు మాత్రం చినుకు చుట్టూ పారే గాలితోపాటు పక్కకు జారి తప్పించుకుంటాయి. అవి దొరికిపోయేది మేఘంలోనే. వాటి మీదే నీటి ఆవిరి చేరి బొట్టు కడుతుంది, ఆ బొట్టు చినుకై నేలకు దిగుతుంది. కణాన్ని కడిగే వానకు ఆ కణమే పుట్టుక అన్నమాట.

రెండోది గాలి ఎటు నుంచి వస్తోందన్నది. ఉత్తర, దక్షిణ గోళాల గాలులు ఎదురెదురుగా కలిసే వానల పట్టీ ఏడాది పొడుగునా ఒకచోట నిలవదు. వానల నెలల్లో అది దక్షిణానికి దిగుతుంది. అప్పుడు మధ్య అమెజాన్‌కు ఈశాన్యం నుంచి, అట్లాంటిక్ దాటిన గాలి వస్తుంది. ఆ తర్వాత వందల కిలోమీటర్లు చెక్కుచెదరని అడవి మీదుగా సాగుతుంది. పొడి నెలల్లో ఆ పట్టీ ఉత్తరానికి జరుగుతుంది. గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి, అంటే రోడ్లూ పచ్చికబీళ్ళూ మంటలూ ఉన్న ప్రాంతాల మీదుగా వస్తుంది.

మూడోది నిప్పు. దాని సంగతి కిందికి వెళ్ళాక చూద్దాం.

ఈ మూడింటిలోనూ అడవి లేదు, గమనించారా? అడవి వదిలే ఆవిర్లు వానల నెలల్లో ఆగిపోవు. నిజానికి ఎండ, వేడి ఎక్కువగా ఉండే పొడి నెలల్లోనే ఆకుల నుంచి ఐసోప్రీన్ అనే ఆవిరి ఎక్కువ వస్తుంది. అడవి ఏడాది పొడుగునా తన పని తాను చేసుకుపోతుంటుంది. మారేవి వాన, గాలి దారి, నిప్పు.

వానల నెలల్లో మిగిలే ఆ కొద్ది కణాలు ఎవరివి?

చాలావరకు అడవివే. ముతకవాటిలో ఎక్కువ భాగం జీవం నుంచి నేరుగా వచ్చినవి: బూజు, పుట్టగొడుగుల బీజాలు, పుప్పొడి, బ్యాక్టీరియా, ఆకుల పొట్టు, కీటకాల తునకలు. సన్నవాటిలో ఎక్కువ భాగం ఆకులు వదిలిన ఐసోప్రీన్, టెర్పీన్ లాంటి ఆవిర్లు గాలిలో ఆక్సీకరణ చెంది, జిగురుగా మారి, చిక్కబడి ఏర్పడిన సేంద్రియ బొట్లు. 2008 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనౌస్ ఉత్తరాన జరిగిన అమేజ్-08 కొలతల్లో ఈ చిత్రం బాగా స్పష్టమైంది. దాని ఫలితాలు 2010లో సైన్స్ పత్రికలో వచ్చాయి.

నాకు బాగా నచ్చిన సంగతి మాత్రం ఆ తర్వాత 2012లో బయటపడింది. సన్న కణాలను ఎక్స్‌రే సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే, సేంద్రియ జిగురు మధ్యలో పొటాషియం లవణం కనిపించింది. పొటాషియం అంటే పొగకు గుర్తు. కట్టె కాలితే వస్తుంది. మంటలు లేని రోజుల్లో, శుభ్రమైన గాలిలో అది ఎక్కడిది? చెట్ల నుంచి, బూజుల నుంచి రాత్రిపూట నేరుగా గాలిలోకి వస్తోందని ఆ పరిశోధకులు తేల్చారు. ఆ లవణపు తునకే గింజ. దాని మీద ఆకుల ఆవిర్లు పేరుకుని కణం పెరుగుతుంది.

బూజు బీజం గాలిలోకి ఎలా ఎగురుతుంది? గాలి వీస్తేనా?

అడవి కింద గాలి పెద్దగా వీయదు. అందుకే బూజులు గాలి కోసం కాచుకుని కూర్చోవు, తామే విసురుతాయి.

పుట్టగొడుగు గొడుగు కింది రేకుల మీద, సన్నని కాడ చివర ఒక్కో బీజం నిలబడి ఉంటుంది. దాని మొదట్లో చక్కెరలాంటి పదార్థం కొద్దిగా ఊరుతుంది. తేమ నిండిన గాలిలోంచి అది నీటిని లాక్కుని ఒక చిన్న బొట్టు కడుతుంది. బీజం ఒంటి మీద పక్కనే పల్చని నీటి పొర ఒకటి ఏర్పడుతుంది. బొట్టు ఉబ్బి ఉబ్బి ఆ పొరను తాకిన క్షణంలో రెండూ ఒక్కటైపోతాయి. ఆ ఊపుకు బరువు ఒక్కసారిగా ఒక పక్కకు జరిగి, బీజం కాడ నుంచి తెగి ఎగిరిపోతుంది. వేగం సెకనుకు ఒక మీటరు దరిదాపుల్లో ఉంటుంది, కానీ గాలి అడ్డుపడటంతో ఒక మిల్లీమీటరు పోగానే ఆగుతుంది. అంత దూరం చాలు. రేకుల మధ్య సందులోకి వచ్చి, జారి, కింద గాలిలో కలిసిపోతుంది.

తేమ లేనిదే ఈ యంత్రం పని చేయదు. అందుకే అమెజాన్‌లో బూజు బీజాలు గాలిలో ఎక్కువగా కనిపించేది రాత్రి, తెల్లవారుజామున. తేమ పూర్తిగా నిండే వేళ అది. పైగా రాత్రి గాలి పొర పల్చగా, కదలకుండా ఉంటుంది కాబట్టి వదిలినవి అక్కడే పోగుపడతాయి. పొద్దెక్కాక పైగాలితో కలిసి పలచబడతాయి. ప్రపంచం మొత్తం మీద బూజులు, పుట్టగొడుగులు ఏటా గాలిలోకి వదిలేది దాదాపు 5 కోట్ల టన్నులని 2007లో వచ్చిన ఒక అంచనా.

కొత్త కణాలు అడవిలోనే పుడతాయా?

ఈ ప్రశ్న పరిశోధకులను ఇరవై ఏళ్ళు తిప్పించింది. ఉత్తరాన పైన్ అడవుల్లో పగటిపూట నేల దగ్గరే ఆవిర్ల నుంచి కొత్త కణాలు పుట్టడం తరచూ కనిపిస్తుంది. అమెజాన్‌లో ఆవిర్లు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా చెట్ల దగ్గర పెట్టిన పరికరాల్లో ఆ పుట్టుక ఆ తీరున కనిపించలేదు. కణాలేమో ఉన్నాయి. పుట్టిన చోటే దొరకలేదు.

2014లో మనౌస్ పరిసరాల్లో విమానాలు పంపి చూశారు. జవాబు ఆకాశంలో దొరికింది. అడవి ఆవిర్లను పెద్ద ఉరుము మేఘాలు గొట్టంలా పీల్చి పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు విసురుతాయి. అక్కడ చలి, పాత కణాల పోటీ కూడా తక్కువ. ఆ చలిలో ఆవిర్లు కొత్త కణాలుగా మారతాయి. తర్వాత వాన పడేటప్పుడు మేఘం నుంచి కిందికి దూకే చల్లగాలి వాటిని నేల దగ్గరకు దించుతుంది. 2016లో నేచర్ పత్రిక దీన్ని ప్రచురించింది.

2022 డిసెంబరు, 2023 జనవరి నెలల్లో జర్మనీ పరిశోధక విమానం హేలో అక్కడ మళ్ళీ ఎగిరింది. ఐసోప్రీన్ ఆ ఎత్తులో ఏం చేస్తుందో అప్పుడు తేలింది. రాత్రి ఉరుముల మేఘాలు ఐసోప్రీన్‌ను పైకి తీసుకెళ్తాయి. మెరుపులు నైట్రోజన్ ఆక్సైడ్లను తయారు చేస్తాయి. పొద్దు పొడవగానే ఈ రెండూ కలిసి నైట్రేట్లయి, వాటి నుంచి లెక్కలేనన్ని కొత్త కణాలు పుడతాయి. 2024లో ఆ ఫలితాలు వచ్చాయి. అప్పటిదాకా ఐసోప్రీన్ కొత్త కణాల పుట్టుకకు పనికిరాదు, అడ్డు కూడా పడుతుంది అన్న మాటే గట్టిగా వినిపించేది.

కథ ఇక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటు. వాన వెలిసిన వెంటనే చెట్ల కొమ్మల మధ్యే చిన్న కణాలు గుంపుగా పుట్టుకొస్తున్నాయని అదే 2024లో ఇంకో బృందం చూపింది. కిందికి దిగిన గాలి తెచ్చిన ఓజోన్ ఆకుల టెర్పీన్లను పట్టుకోవడమే దానికి కారణమట. అంటే పైన, కింద, రెండు చోట్లా పుట్టుక జరుగుతోంది. ఏ వాటా ఎంత అన్నది ఇంకా వాదనలోనే ఉంది.

సహారా ఎడారి ధూళి అమెజాన్‌కు ఎరువవుతుందన్నది నిజమేనా?

ధూళి రావడం నిజం. ఎరువు సంగతి కొంత జాగ్రత్తగా చెప్పాలి.

చాద్ దేశంలో బోడెలే అనే పల్లపు ప్రాంతం ఉంది. ఒకప్పుడు మహా సరస్సు అడుగు అది. ఆ సరస్సులో బతికిన సూక్ష్మజీవుల గుల్లలు తెల్లని పొడిగా మిగిలాయి. టిబెస్టీ, ఎన్నెడీ కొండల మధ్య సందులోంచి దూసుకొచ్చే గాలి ఆ పొడిని లేపి అట్లాంటిక్ మీదికి పంపుతుంది. వానల పట్టీ దక్షిణంగా ఉన్న నెలల్లో, అంటే అమెజాన్‌లో వానలు దంచే నెలల్లోనే, ఆ దారి తెరుచుకుంటుంది. అడవి గాలి అన్నిటికన్నా శుభ్రంగా ఉండే కాలంలోనే ఎడారి దుమ్ము వచ్చి పడుతుంది. ఆ రోజుల్లో కణాల సంఖ్య పెద్దగా పెరగదు, బరువు మాత్రం ఎగబాకుతుంది. మొదట్లో చెప్పిన రెండు లెక్కల చిక్కు ఇక్కడే పనికొస్తుంది.

2007 నుంచి 2013 దాకా కాలిప్సో ఉపగ్రహం చూసిన లెక్కల ప్రకారం, సగటున ఏటా 18.2 కోట్ల టన్నుల ధూళి ఆఫ్రికా తీరం దాటుతుంది. అందులో సుమారు 2.8 కోట్ల టన్నులు అమెజాన్ పరీవాహకంలో పడతాయి. దానితో వచ్చే భాస్వరం దాదాపు 22,000 టన్నులు. వానలకూ వరదలకూ అడవి నేల పోగొట్టుకునే భాస్వరం కూడా ఇంచుమించు అంతేనని 2015లో ఆ లెక్క వేసినవాళ్ళు చెప్పారు. పత్రికలన్నీ పట్టుకున్నది ఈ మాటనే.

అయితే ఆ 22,000కు ముందూ వెనకా చాలా ఖాళీ ఉంది. అదే లెక్కలో కింది హద్దు 6,000, పై హద్దు 37,000 టన్నులు. 2007కూ 2011కూ మధ్య ధూళి 86 శాతం తేడా చూపింది. భాస్వరంలో పెద్ద భాగం ధూళితో కాక ఆఫ్రికా పొగతో వస్తోందని 2019లో మరో అధ్యయనం వాదించింది. చెట్టుకు రోజువారీ తిండి మాత్రం రాలిన ఆకులు కుళ్ళగా తిరిగి వచ్చే భాస్వరమే. ధూళి ఏటా పోయినదాన్ని కొద్దికొద్దిగా పూడ్చే చిల్లర. వేల ఏళ్ళ లెక్కలో ఆ చిల్లరే పెద్ద మొత్తమవుతుంది, అది వేరే సంగతి. "సహారా లేకపోతే అమెజాన్ లేదు" అన్న శీర్షికలను మాత్రం నేను నమ్మను.

ఆఫ్రికా నుంచి ధూళి కాక ఇంకేమైనా వస్తుందా?

పొగ వస్తుంది, రెండు కాలాల్లోనూ. డిసెంబరు నుంచి మార్చి దాకా పశ్చిమాఫ్రికా గడ్డి మైదానాలు కాలుతాయి. ఆ పొగ ధూళితో కలిసి అదే గాలిలో ఎక్కి వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని మంటల పొగ సముద్రం మీద మూడు, నాలుగు కిలోమీటర్ల ఎత్తున పొరలా సాగి వచ్చి, అమెజాన్ మీద మెల్లగా కిందికి కలుస్తుంది. కాబట్టి అడవి నడుమ కనిపించిన మసినంతా పక్క జిల్లా రైతు ఖాతాలో వేయలేం.

2014 సెప్టెంబరు ఆఖర్లో ఒక వింత జరిగింది. అడవి మీది సన్న కణాల్లో సల్ఫేట్, అంటే గంధకపు లవణం, ఉన్నట్టుండి పెరిగింది. గాలి వచ్చిన దారిని వెనక్కి పట్టుకుంటూ పోతే కాంగోలోని నీరగోంగో, న్యాములాగిరా అగ్నిపర్వతాలు తేలాయి. ఖండం, సముద్రం దాటిన గంధకం అది.

పొడి నెలల్లో మంటలు వాటంతట అవే వస్తాయా?

దాదాపు రావు. తడి అడవి పిడుగు పడినా అంత తేలిగ్గా అంటుకోదు. చెట్లను వానలు తగ్గే రోజుల్లో నరికి, నెలల తరబడి ఎండబెట్టి, పొడి నెలల్లో అగ్గి పెడతారు. పాత పచ్చికబీళ్ళను కూడా ఏటా కాలుస్తారు. కరువు ఏళ్ళలో ఆ నిప్పు అదుపు తప్పి పక్క అడవిలోకి పాకుతుంది. అంటే పొడి నెలల గాలిని తేల్చేది వాతావరణం ఒక్కటే కాదు. ఆ ఏడాది ఎంత నరికారన్నది కూడా.

దానికి రుజువు కూడా ఉంది. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి పోయింది. 2012కు అది 4,600 లోపుకు తగ్గింది. ఆ ఏళ్ళలో పొడి కాలపు గాలిలో కణాలు కూడా తగ్గాయి. దానివల్ల దక్షిణ అమెరికాలో ఏటా 400 నుంచి 1,700 వరకు అకాల మరణాలు తప్పి ఉంటాయని 2015లో లెక్కగట్టారు.  రంపం ఆగితే గాలి బాగుపడింది.

ఆ పొగ ఎంత దూరం పోతుంది?

వేల కిలోమీటర్లు. పడమటకు పోయే గాలికి ఆండీస్ పర్వతాలు అడ్డం నిలబడతాయి. అక్కడ మళ్ళిన గాలి కొండల వెంబడి దక్షిణానికి పారి బొలీవియా, పరాగ్వే, దక్షిణ బ్రెజిల్ దాకా పొగను మోస్తుంది. 2019 ఆగస్టు 19న సావో పాలోలో మధ్యాహ్నం మూడు గంటలకే చీకటి పడింది. శీతలగాలి తెచ్చిన దట్టమైన మేఘాలు, దూరపు మంటల పొగ ఒకదాని మీద ఒకటి చేరాయి.

పొగ వానను ఆపేస్తుందా, పెంచుతుందా?

రెండు మాటలూ వింటారు. రెండింటికీ ఆధారం ఉంది.

మేఘంలో నీరు ఎంతో అంతే ఉంటుంది. దాన్ని పంచుకునే కణాలు 300 ఉంటే ఒక్కో బొట్టు పెద్దదవుతుంది, ఒకదాన్నొకటి గుద్దుకుని త్వరగా చినుకవుతుంది. వానల నెలల్లో అమెజాన్ మేఘాలు అచ్చం నడిసముద్రపు మేఘాల్లా ప్రవర్తిస్తాయి. అందుకే పరిశోధకులు ఆ కాలపు అడవిని ఆకుపచ్చ సముద్రం అని పిలుచుకుంటారు. కణాలు వేలల్లో ఉంటే అదే నీరు చిన్న చిన్న బొట్లుగా చీలిపోతుంది. అవి కలవవు, పడవు. 2004లో ప్రచురించిన విమాన కొలతల ప్రకారం, శుభ్రమైన మేఘంలో అడుగు నుంచి ఒకటిన్నర కిలోమీటరు ఎత్తులోనే వాన మొదలైతే, పొగ మేఘంలో 5 కిలోమీటర్లు దాటాల్సి వచ్చింది. మంట మీదే లేచిన మేఘంలో 7 కిలోమీటర్లు దాటాలి.

అలా పైకి పోయిన నీరు గడ్డకడుతుంది, వేడి వదులుతుంది, మేఘం ఇంకా ఎగసిపడుతుంది. చివరికి పడితే ఉరుములు, వడగళ్ళతో పడుతుంది. చిన్న మేఘమైతే పడకుండానే ఆవిరైపోతుంది. మసి ఎండను పీల్చి గాలిని వేడెక్కించడం, నేలకు చేరే ఎండ తగ్గడం కూడా చిన్న మేఘాలను చంపుతాయి. మనౌస్ నగరం వదిలే 50 నానోమీటర్ల లోపు కణాలు ఉరుము మేఘాలకు బలమిస్తాయని 2018లో ఒక బృందం అంది. ఆ లెక్కతో ఏకీభవించనివాళ్ళు తర్వాత వచ్చారు. ఈ గొడవ ఇప్పట్లో తెగదనే నా అంచనా, ఎందుకంటే ఒకే మేఘాన్ని పొగతో ఒకసారి, పొగ లేకుండా ఒకసారి పెంచి చూడటం ఎవరి తరమూ కాదు.

పొగ వల్ల చెట్లు బాగా పెరుగుతాయని విన్నాను. నిజమా?

కొద్దిపాటి పొగకు మాత్రమే. పలచని పొర ఎండను నలుదిక్కులకూ చెదరగొడుతుంది. అప్పుడు నీడలో ఉన్న కింది ఆకులకు కూడా వెలుతురు అందుతుంది. పొగ చిక్కబడితే మొత్తం వెలుతురే తగ్గి, ఆ లాభం నష్టంలో పడుతుంది. అడవి తగలబెట్టి అడవికి మేలు చేశామని చెప్పుకోవడానికి దీన్ని వాడకండి.

అక్కడ ఉండేవాళ్ళ ఆరోగ్యం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు ప్రకారం పీఎం 2.5 కణాలు (2.5 మైక్రోమీటర్ల లోపువి) 24 గంటల సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. వానల నెలల్లో అడవి గాలి ఆ హద్దుకు చాలా కింద ఉంటుంది. మంటల నెలల్లో అదే ప్రాంతంలో ఎన్నో రెట్లు దాటుతుంది. పిల్లలు, ముసలివాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ముందు దెబ్బతింటారు. 2023 అక్టోబరులో, రియో నెగ్రో నది 1902లో మొదలైన కొలతల్లోనే అంతదాకా ఎన్నడూ లేనంత కిందికి దిగిన ఆ కరువులో, మనౌస్ నగరమే రోజుల తరబడి పొగలో మునిగింది.

పొద్దున్నే అడవి మీద కనిపించే తెల్లని పొర పొగేనా?

సాధారణంగా కాదు, మంచు. నీటి బొట్లు. ఎండ ఎక్కితే విడిపోతుంది. మధ్యాహ్నానికి కూడా విడవక, బూడిద గోధుమ రంగులో ఉండి, సూర్యుడు ఎర్రగా కనిపిస్తే అది పొగ.

ఇంత చిన్నవాటిని అడవి మధ్యలో ఎలా లెక్కపెడతారు?

మనౌస్‌కు ఈశాన్యాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలో 325 మీటర్ల ఉక్కు టవర్ ఉంది. పేరు అమెజాన్ టాల్ టవర్ అబ్జర్వేటరీ. బ్రెజిల్, జర్మనీ కలిసి కట్టాయి, 2015 ఆగస్టులో ప్రారంభమైంది. పక్కనే 80 మీటర్ల ఎత్తువి ఉన్నాయి, వాటి మీద కణాల కొలతలు 2012 నుంచే సాగుతున్నాయి. చెట్ల తలలు 30, 40 మీటర్లుంటాయి. 60 మీటర్ల ఎత్తున గొట్టం నోరు పెట్టి గాలిని పీల్చి, కింద ఏసీ గదిలోకి తెస్తారు.

కష్టమంతా ఆ గదిలోనే. బయట గాలి వేడిగా, తేమ నిండి ఉంటుంది. చల్లని గదిలోకి రాగానే గొట్టం లోపల నీరు కడుతుంది. అలా వదిలేస్తే కణాలు నీటిలో పోతాయి, పరికరం పాడవుతుంది. అందుకని ముందు సిలికా జెల్ లాంటిదాని మీదుగా నడిపి గాలిని ఆరబెడతారు. ఆ తర్వాత బ్యూటనాల్ అనే ఆల్కహాలు ఆవిరి నిండిన చిన్న డబ్బాలోకి పంపుతారు. పది నానోమీటర్ల కణం మీద కూడా ఆ ఆవిరి పేరుకుని, కాంతికి అడ్డుపడేంత బొట్టవుతుంది. అప్పుడు లేజరు కిరణం ముందు నుంచి ఒక్కొక్కటే పోతుంటే మెరుపులు లెక్కపెడతారు. మేఘం చేసే పనినే డబ్బాలో చేయించడం ఇది, నీటికి బదులు ఆల్కహాలుతో. కరెంటు కోసం జనరేటరు తప్పదు కాబట్టి, దాని పొగే లెక్కలోకి రాకుండా దాన్ని దూరంగా పెట్టి, గాలి దాని వైపు నుంచి వీచిన రోజుల కొలతలను ఏరి పారేస్తారు.

అన్ని వర్షారణ్యాల్లోనూ ఇంతేనా?

కాదు. బోర్నియో దీవి కాబట్టి సముద్రపు ఉప్పు ఎక్కువ చేరుతుంది. అక్కడ కాలాలకన్నా ఎల్ నినో ఏళ్ళదే, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి అక్కడ వానలు తగ్గే ఏళ్ళదే పెత్తనం. 1997, 2015ల్లో పీట్ నేలలు (సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న బురద నేలలు) కాలి పొగ దేశాలు దాటింది. కాంగో అడవికి రెండు వైపులా గడ్డి మైదానాలున్నాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరం వైపు, జూన్ నుంచి ఆగస్టు దాకా దక్షిణం వైపు కాలుతుంది. అందుకని అక్కడ పొగ లేని కాలం దొరకడం కష్టం.

అమెజాన్‌లో మనిషి చెయ్యి పడని గాలి ఇంకా ఉందా? ఎప్పుడు?

ఉంది, మార్చి నుంచి మే మధ్య, అది కూడా కొన్ని రోజులే. వానలు ఇంకా గట్టిగా ఉండి, ఆఫ్రికా మంటలు చల్లారుతూ, స్థానిక మంటలు మొదలు కాని రోజులవి. అప్పుడు గాలిలో మసి పరికరానికి అందీ అందనంతగా పడిపోతుంది. ఫ్యాక్టరీలు రాకముందు ఖండాల మీద గాలి ఎలా ఉండేదో కొలిచి చూసుకోగల చోట్లు భూమ్మీద చాలా కొద్ది. పరిశోధకులు ఆ అడవికి పోయి టవర్లు కట్టిన కారణాల్లో ఇదొకటి. పాత మేఘాలు ఎలా ఉండేవో తెలియకపోతే, మన పొగ మేఘాలను ఎంత మార్చిందో లెక్క తేలదు.

అయితే వరసగా పది రోజులు అలాంటి గాలి దొరకడం అరుదు. రెండు రోజులు శుభ్రంగా సాగుతుంది, మూడో రోజు సముద్రం అవతలి నుంచి ధూళి, దానితోపాటు పలచగా పొగ వస్తాయి. ఒక వాన పడుతుంది. మళ్ళీ 300.